పరగణా దాటే చీర

ముందు నిశ్చయంగా తెలిసినవి చెప్పి, ఆ తర్వాత విన్నవి చెబుతాను. ఈ రెంటినీ కలిపి చెప్పుకుంటూ వచ్చినందువల్ల మా అక్క కూతురి పెళ్ళిలో పెద్ద చిక్కే వచ్చిపడింది.

నిశ్చయమైనవి ఇవి. సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారిలో ఒకప్పుడు రెండు ప్రభుత్వాల మధ్య గీత ఉండేది. మునగాల, నడిగూడెం, వాటి చుట్టుపక్కల ఊళ్ళు కలిసి ఒక పరగణా. దానికి నాలుగు దిక్కులా నిజాం రాజ్యమే. పరగణా మాత్రం ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో, కృష్ణా జిల్లాలో భాగంగా ఉండేది. ఇటు చెల్లే రూపాయి వేరు, అటు చెల్లే రూపాయి వేరు. సరుకు గీత దాటితే నాకా, అంటే సుంకం వసూలుచేసే గేటు, దగ్గర సుంకం కట్టాలి. ఇంగ్లీషువాళ్ళు పోయారు, నిజాం పోయాడు. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు పరగణా కృష్ణా జిల్లాలోనే ఉండి, చివరికి నల్లగొండలో కలిసింది. ఇప్పుడంతా సూర్యాపేట జిల్లా. ఇవాళ ఆ దారిలో బస్సు ఎక్కినవాళ్ళకు గీత ఎక్కడ దాటారో తెలియదు. నాకు తెలుసు, చూపించగలను.

విన్నవి ఇవి. మా అమ్మ పుట్టిల్లు నడిగూడెం దగ్గర, అంటే పరగణాలో. అత్తవారిల్లు సూర్యాపేట దగ్గర, అంటే నిజాం వైపు. అమ్మవైపు ఇళ్ళలో ఒక కట్టు, అంటే కట్టుబాటు, ఉంది. పరగణా నుంచి నిజాం ఊరికి కోడలిగా పోయే పిల్ల అప్పగింతల తర్వాత మడత విప్పని కొత్త చీరతో బయలుదేరకూడదు. కొన్న నేతచీరను మూడుసార్లు నీళ్ళలో ముంచి, పిండి, ఆరవేసి, గంజి పోయాక కట్టుకోవాలి. కొత్త బట్టకు నాకా దగ్గర సుంకం ఉండేదని, కట్టి విడిచిన బట్టకు లేదని దీనికి చెప్పే కారణం. మా అమ్మ బండి నాకా దగ్గర ఆగిందని, సుంకంవాడు కొంగు పట్టి నలిపి చూసి, గంజి తగలక పొమ్మన్నాడని అక్క కళ్ళారా చూసినట్టు చెబుతుంది. ఆనాటికి అక్క పుట్టనే లేదు.

నేను రసాయనశాస్త్రం చదువుకుని, నీటి పరీక్షల ప్రయోగశాలలో ఉద్యోగం చేసి విరమించినదాన్ని. ఈ జిల్లాలో ఫ్లోరైడు లేని బావి ఏదో, ఉన్న బావి ఏదో ఊరివాళ్ళ మాటను బట్టి రాసే అలవాటు నాకు ఎన్నడూ లేదు. "మా నీళ్ళు మంచియమ్మా, మా తాతల కాలం నుంచి తాగుతున్నం" అన్నవాళ్ళ సీసా కూడా పరీక్షించాకే కాగితం మీద అంకె వేశాను. ఆ అలవాటు ఇంట్లో కూడా పోలేదు. నా పెళ్ళికి అమ్మ చీర తడపబోతే వద్దని, పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. అక్క మాత్రం తడిపిన చీరతోనే మిర్యాలగూడ కోడలయింది.

ఇక జరిగిన సంగతి. రెండేళ్ళ కిందట అక్క కూతురికి కోదాడ సంబంధం కుదిరింది. పిల్ల మిర్యాలగూడలో బడిపంతులమ్మ. పిల్లవాడికి తల్లి లేదు, మేనత్త పెంచింది. గడప దగ్గర హారతి ఇచ్చి కోడలిని లోపలికి తీసుకునేది ఆమే. పెళ్ళి ఇంకా మూడు వారాలు ఉందనగా అక్క మాటల్లో మాటగా చీర సంగతి ఫోనులో ఆమెకు చెప్పింది. ఆమె ఒప్పుకోలేదు.

"ఉతికిన చీర కట్టి పంపుతారా వదినగారూ? చూసినవాళ్ళు ఏమనుకుంటారు? పిల్లకు కొత్త చీర కొనలేకపోయారని మిమ్మల్ని అంటారు, మేము పెట్టలేదని మమ్మల్ని అంటారు. మా ఇంట్లో మడత విప్పని చీరతోనే కోడలు గడప తొక్కాలి. అలా కాదంటే హారతి పళ్ళెం నేను పట్టుకోను, ఇంకెవరినైనా చూసుకోండి."

అక్క ఆ పూటే నాకు ఫోన్ చేసింది. గొంతు కోపంగా లేదు, దిగులుగా ఉంది. తల్లి లేని పిల్లవాడి ఇంట్లో పెద్దదిక్కు అయిన మనిషి మొదటిరోజే ముఖం తిప్పుకుంటే బిడ్డ బతుకు ఎట్లా మొదలవుతుందన్నది ఆమె బెంగ. అట్లా అని అమ్మ కట్టును తన చేతుల మీదుగా వదలడానికీ మనసు ఒప్పలేదు.

"నువ్వు ఊరూరి నీళ్ళు పరీక్ష చేసినవ్ గదా. ఇది గూడ పరీక్ష చెయ్యి. చేసి ఆమెకు చెప్పు. నా మాట అయితే ఇంటలేదు, సదువుకున్నదానివి నీ మాట ఇంటది."

"పరీక్ష చేస్తే అబద్ధమని తేలితే?"

"తేలదు."

అప్పుడు ఫోను మా పిల్ల తీసుకుంది. "చిన్నమ్మా, అమ్మ మాట ఇడిసిపెట్టు. నిజమేందో నువ్వు కనుక్కో. నిజమైతే తడిపిన చీరనే కట్టుకుంట, ఎవ్వలు ఏమన్నా పర్లేదు. ఉత్తదే అయితే ఆమె చెప్పినట్టే చేస్త. నాకు రెండిండ్లతోని పని పడ్డది."

కాబట్టి తీర్పు నా మీద పడింది. నాకు అది బరువుగా అనిపించలేదు. పద్ధతి ఉంటే తేలనిదేమీ లేదని నా నమ్మకం.

సుంకం వల్లనే ఈ కట్టు పుట్టి ఉంటే దాని అడుగుజాడ ఒక తీరుగా ఉండాలి. పరగణా నుంచి నిజాం ఊళ్ళకు పోయిన పిల్లల చీరలు తడిపి ఉండాలి. పరగణాలోనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయినవాళ్ళవి తడపకూడదు, ఎందుకంటే వాళ్ళు గీత దాటలేదు. నిజాం వైపు నుంచి పరగణాలోకి కోడళ్ళుగా వచ్చినవాళ్ళ ఇళ్ళలోనూ ఆ అలవాటు ఉండకూడదు, ఎందుకంటే మేము చెప్పుకునే సుంకం నిజాం వైపు వచ్చే సరుకు మీదిది. అలా కాక, కొత్త బట్టకు పసుపు పెట్టడం వంటి మామూలు ఆచారమే అయితే దిక్కుతో పని లేకుండా అందరూ తడపాలి. నోటు పుస్తకంలో నిలువు గీతలు కొట్టి, ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి, తడిపారా లేదా అని గడులు వేసుకున్నాను.

మొదట నడిగూడెం వెళ్ళాను. అమ్మకు దూరపు చుట్టం అయిన ఒక అవ్వ ఉంది. తొంభైకి దగ్గర. చెవులు బాగా వినపడతాయి, ఓపిక మాత్రం తక్కువ.

"అవ్వా, నీ పెండ్లప్పుడు చీర తడిపిండ్రా?"

"నాదెందుకు తడుపుతరు? నన్ను ఈ ఊర్లనే ఇచ్చిండ్రు. మా అక్కది తడిపిండ్రు. దాన్ని సూర్యాపేట దిక్కు ఇచ్చిండ్రు గదా."

నేను గడి నింపుకున్నాను. సంతోషం బయటికి కనిపించకుండా జాగ్రత్తపడ్డాను. "మీ అక్కను నాకా కాడ ఆపిండ్రా మరి?"

"నేనేమన్న పోయిన్నా ఆమె ఎంబడి? ఆమె చెప్పలే, నేను అడగలే. గిట్ల తడిపిన గుడ్డ కట్టుకొని పెండ్లికూతురు పోతదా అని ఏడ్చింది, అది యాదికున్నది. అయినా నువ్వేంది, పోలీసోళ్ళ లెక్క రాసుకుంటున్నవ్?"

"తెలుసుకుందామని అవ్వా."

"ఏం తెలుసుకుంటవ్. అన్నం తిను."

అన్నం తిని మిగతా ఇళ్ళు తిరిగాను. లెక్క వేళ్ళ మీద వేయగలిగినంతే, అయినా తీరు స్పష్టంగా ఉంది. పరగణా లోపలి పెళ్ళిళ్ళకు తడపలేదు. గీత దాటిన పెళ్ళిళ్ళకు తడిపారు. సూర్యాపేట చుట్టుపక్కల తిరిగి, నిజాం వైపు నుంచి పరగణాకు పోయిన పిల్లల లెక్క తీశాను, వాళ్ళవి తడపలేదు. నడిగూడెం వైపు పిల్లనిచ్చిన ఒక ఇంట్లో మాత్రం మేమూ తడుపుతామన్నారు. నా లెక్క ప్రకారం వాళ్ళు తడపకూడదు. ఒక్క ఇల్లు చాలు అంతా కూలిపోవడానికి.

"ఈ కట్టు ఎవలు పెట్టిండ్రు మీ ఇంట్ల?" అని అడిగాను.

"మా నాయనమ్మ" అంది ఆ ఇల్లాలు.

"మీ నాయనమ్మ ఏ ఊరు ఆడబిడ్డ?"

"నడిగూడెమే. ఎందుకు?"

ఎందుకో చెప్పలేదు. ఆ గడి పక్కన ఒక చిన్న చుక్క పెట్టుకున్నాను. కట్టు తనంతట తాను గీత దాటలేదు, కోడలి వెంట దాటింది.

ఇంకా గట్టి రుజువు కావాలనిపించి మఠంపల్లి వెళ్ళాను. అక్కడ కృష్ణానదే సరిహద్దు, అవతలి ఒడ్డు గుంటూరు జిల్లా, ఇంగ్లీషు ఏలుబడి. అవతలి నుంచి వచ్చిన కోడళ్ళు కూడా చీర తడుపుకుని వస్తే, నడిగూడెంతో సంబంధం లేకుండానే నా మాట నిలుస్తుంది. నది ఒడ్డుకు దగ్గరలో ఒక క్రైస్తవ కుటుంబం ఉంది. ఇంటాయన బడిలో పనిచేసి విరమించాడు. వాళ్ళ నాయనమ్మ అవతలి ఒడ్డు మనిషి.

"ఆమె పెండ్లికి వచ్చేటప్పుడు చీర తడిసి ఉన్నదా సార్?"

ఆయన నన్ను కాసేపు చూశాడు. "తడిసే ఉంటదమ్మా. పడవల వచ్చింది గదా."

"అది కాదు సార్. బయలుదేరే ముందు తడిపిండ్రా అని."

"ముందు తడిపినా, తర్వాత తడిసినా, ఒడ్డుకు దిగేసరికి రెండూ ఒకటే గదమ్మా" అని నవ్వాడు. ఇంట్లోవాళ్ళు కూడా నవ్వారు. ఆ వరుస మొత్తం కొట్టేశాను. రెండు కారణాలు ఒకే ఫలితం ఇచ్చేచోట ఏ పరీక్షా పనికిరాదు.

మిగిలింది చీర. సుంకంవాడు కొంగు నలిపి చూస్తే గంజి తెలియకుండా పోవాలంటే ఎన్ని మునకలు కావాలి? సూర్యాపేటలో ఒక నేతచీర కొన్నాను. ఇంట్లో గాయాలకు వాడే అయోడిన్ ఉంది. గంజి ఉన్నచోట అయోడిన్ చుక్క వేస్తే నీలం తేలుతుంది. కొత్త అంచు మీద చుక్క వేస్తే సిరా ఒలికినట్టయింది. ఒక మునక తర్వాత అంతే నీలం. రెండో మునకకు కొంచెం తగ్గింది. మూడో మునక తర్వాత లేత నీలం మిగిలింది గాని, ఆరిన తర్వాత చేతికి గంజి తగలలేదు. మూడు మునకల లెక్క సరిపోయింది. అయితే మా ఆచారాల్లో మూడు కానిది ఏముంది కనుక? దాన్ని రుజువుగా రాసుకోలేదు.

పెళ్ళికి వారం ఉందనగా మేనత్తగారు మిర్యాలగూడ వచ్చింది. అక్క ఇంటి ముందుగదిలో కూర్చున్నాం. ఆమె, అక్క, పెళ్ళిపిల్ల, నేను. మనిషి నెమ్మదస్తురాలు, మాట మాత్రం తూకం వేసినట్టు ఉంటుంది. నేను నోటు పుస్తకం తీసి, గీత ఎక్కడ ఉండేదో, ఏ ఇళ్ళలో తడిపారో, ఏ ఇళ్ళలో తడపలేదో వరుసగా చెప్పాను. మఠంపల్లి పడవ సంగతి కూడా దాచలేదు. మడత విప్పని చీర కావాలన్న మీ పట్టుదల కూడా నా లెక్కకు బలమే ఇస్తుందన్నాను. కోదాడ మొదటినుంచీ నిజాం ఊరే, గీత దాటే అవసరం మీవాళ్ళకు రాలేదు, కాబట్టి మీకు ఈ కట్టు లేదు. కొత్త బట్ట సుంకం గురించి రాతలో ఏదీ దొరకలేదనీ, అది విన్నమాటేననీ చివర చెప్పాను.

అక్క ముఖం వెలిగింది. మేనత్తగారు మొత్తం విని, కాఫీ గ్లాసు పక్కన పెట్టింది.

"బాగా చెప్పారండీ. ఒక్కమాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మీ అమ్మగారి పెళ్ళయ్యేనాటికి నాకా ఉందా?"

అమ్మ పెళ్ళి శుభలేఖ అక్క పెట్టెలో ఉంది. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. దాని మీద సంవత్సరం అచ్చువేసి ఉంది. ఆ సంవత్సరానికి నిజాం రాజ్యం పోయింది, రెండు వైపులూ ఒకే రాష్ట్రంలో కలిసిపోయాయి. సుంకంవాడు కొంగు నలపడానికి నాకా ఎక్కడిది? ఊరూరా తిరిగి ఎవరి తల్లి ఏ ఊరో అడిగినదాన్ని, మా అమ్మ సంవత్సరం చూసుకోలేదు. ఇంట్లో విన్నదాన్ని పరీక్షించకుండానే నిజమనుకుని మొదలుపెట్టాను. ఇతరులు చేస్తే క్షమించని తప్పు ఇది.

"లేదండీ" అన్నాను. "అప్పటికి నాకా పోయింది."

"లేదా?" అంది అక్క. "మరి అమ్మ కొంగు పట్టుకొని సూసిండని..."

"అది అమ్మది కాదు అక్కా. అంతకుముందు గీత దాటిన ఇంకెవరిదో అయి ఉండాలె. అమ్మ మీద పెట్టి చెప్పుకున్నం."

"నువ్వు మా దిక్కా, వాళ్ళ దిక్కా?"

"శుభలేఖ దిక్కు."

అక్క లేచి వంటింట్లోకి పోబోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నాకు బాధ కలిగింది గాని, చెప్పిన మాట వెనక్కి తీసుకునే వీలు లేదు. మేనత్తగారు గెలిచినట్టు కూడా మాట్లాడలేదు. "నేను అడక్కపోవాల్సిందేమో" అంది.

అప్పటిదాకా నేల చూస్తున్న పిల్ల తల ఎత్తింది.

"ఆగే అమ్మా. అంటే అమ్మమ్మకు అవసరం లేకున్నా తడిపిన చీరనే కట్టుకున్నది. నీకు గూడ అవసరం లేకుండె, సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు గీతనే లేదు. ఇద్దరు కట్టుకున్నరు. సుంకం కోసమే అయితే సుంకంతోనే పోతుండె. పోలేదంటే అది వేరే ఏదో. నేను కట్టుకుంట." ఆమె మేనత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యగారూ, మీకు పాత చీర అని గదా బాధ. పాతది కట్టుకుంటనని నేను అంటలేను. కొత్తదే, మీ ముందటనే కొందాం, మీ ముందటనే తడుపుదాం. తడిపినంత మాత్రాన పాతది అయితదా?"

నిజం తేలితే దాని ప్రకారం నడుచుకుంటానన్న పిల్ల, నిజం తమకు ఎదురుగా తేలాక ఇలా తిరుగుతుందని నేనూ అనుకోలేదు. మాట తప్పినట్టా? ఆలోచిస్తే తప్పలేదు. కట్టు ఎందుకు పుట్టిందన్నది ఒక ప్రశ్న, ఎందుకు నిలిచిందన్నది ఇంకో ప్రశ్న. నేను మొదటిదాన్ని పరీక్షించి రెండోదానికి జవాబు అనుకున్నాను. ఆమె రెండూ విడదీసింది.

"నా ముందు తడిపితే, పాత చీర అని ఎవరన్నా అంటే జవాబు చెప్పుకోవడానికి నేనుంటాను" అంది మేనత్తగారు చివరికి. "హారతి పళ్ళెం నేనే పట్టుకుంటాను. కాని ఒక షరతు వదినగారూ. రంగు దిగే చీర కొంటే ఒప్పుకోను."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అక్క, "రంగు దిగితే దుకాణపోని మీదికి మీరే పోవాలె వదినా. మీరు మాట్లాడితే పైసలు వాపసు ఇస్తడు" అంది. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను.

పెళ్ళికి ముందురోజు ఉదయం అక్క ఇంటి పెరట్లో పెద్ద స్టీలు టబ్బు పెట్టారు. పచ్చ అంచు పసుపు నేతచీర. మేనత్తగారు ఒక కొస పట్టుకుంది, అక్క ఒక కొస పట్టుకుంది. ముంచి, ఎత్తి, ఇద్దరూ ఎదురెదురుగా మెలితిప్పి పిండారు. మేనత్తగారి చేతిలో బలం ఎక్కువ, అక్క ఒక అడుగు ముందుకు జరగవలసి వచ్చింది. "అట్ల గుంజకు వదినా, చినుగుతది" అంటే, "చినిగితే పాతదని ఒప్పుకుంటాను" అని ఆమె. నీళ్ళలో కొంచెం పసుపు దిగింది. అది రంగో, తల్లి కలిపిన పసుపో అని పిల్ల నన్ను అడిగింది. పరీక్షించి చెబుతానన్నాను. ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు.

మరునాడు ఆ చీర కట్టుకుని పిల్ల కోదాడ వెళ్ళింది. హుజూర్‌నగర్ మీదుగా పోయారు, పరగణా దారిలో తగలనే లేదు. గడప దగ్గర పళ్ళెం పట్టుకున్నది మేనత్తగారే. ఎవరో చుట్టం చీర నలిగిందేమని అడిగితే, "నేనే పిండాను" అని జవాబు చెప్పిందట. ఇది పిల్ల ఫోనులో చెప్పింది, కాబట్టి దీన్ని విన్నవాటిలోనే వేస్తున్నాను. అయినా నమ్ముతున్నాను.

ఒక ప్రశ్న మాత్రం మిగిలింది. అమ్మ పెళ్ళికి చీర తడిపింది అమ్మమ్మ. నాకా లేదని ఆమెకు అప్పటికి తెలుసా? తెలియక భయంతో తడిపిందా, తెలిసీ తన పెద్దలు చేసినట్టు బిడ్డకు చేయాలని తడిపిందా? మొదటిదైతే మా కట్టు ఒక పొరపాటు వల్ల నిలిచింది. రెండోదైతే, సుంకం కోసం పుట్టిన పనిని చేతులారా ఆచారంగా మార్చిన మొదటి మనిషి ఆమె. రాజ్యం పోయిన రోజు రాసి ఉంది, జిల్లా మారిన రోజు రాసి ఉంది. దారిలో ఇక ఎవరూ ఆపరన్న సంగతి ఒక ఊరి ఆడమనిషికి ఏ రోజు తెలిసిందో ఎవరూ రాయలేదు. అమ్మమ్మ లేదు, అమ్మ లేదు, నడిగూడెం అవ్వను మళ్ళీ అడిగితే అన్నం తినమంది. నోటు పుస్తకంలో ఆ గడి ఖాళీగానే ఉంచాను.